పేరు కోసం ఏడ్చే బిడ్డ

నా తల్లి పిపాలుక్‌కి అమ్మ ముద్దులు.

దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ, కుక్కలూ బాగున్నాం. అక్కడ నువ్వు, అల్లుడు, పసివాడు సుఖంగా ఉండాలని రోజూ ప్రార్థిస్తున్నాను.

సముద్రం మీద మంచు విడిపోయి మొదటి ఓడ వచ్చింది. నీ ఉత్తరం అందింది. మంచుబండికి ముందు నడిచే ఆడకుక్క ఈనిందా అని అడిగావు. నాలుగు పిల్లల్ని పెట్టింది. కొండ నిండా చిన్న పక్షులు వాలాయి. వల వేసి పట్టి, సీలు తోలు సంచిలో కుక్కి, చలికాలం తిండికని రాళ్ల కింద దాచాను.

పసివాడు ఒకటే ఏడుపని, పోయినవాళ్ల పేర్లు రెండింటితో పిలిచి చూసినా ఊరుకోలేదని రాశావు. "ఎవరి పేరు అడుగుతున్నాడో నాన్ననడిగి చెప్పు" అన్నావు. అక్కడే ఆగిపోయానమ్మా.

నీకు చెప్పకుండా దాచాను. వసంతంలో మీ నాన్న వాల్రస్ వేటకని మంచు అంచుకి వెళ్లారు. కుక్కలే తిరిగొచ్చాయి, ఒంటి మీద నీళ్లు గడ్డకట్టి. పగ్గాలు కత్తితో కోసి ఉన్నాయి. మంచు విరిగి బండి మునుగుతుంటే వాటినైనా బతికిద్దామని ఆయనే కోసి ఉంటారు. ఊరంతా వెతికారు. నీకు రేడియోలో కబురు పంపుతామంటే, నెలలు నిండిన పిల్లవని నేనే వద్దన్నాను. ఏ ఒడ్డుకో చేరి ఉంటారని ఆశ కూడా. అందుకే చర్చిలో ఆయన కోసం చావుగంట కొట్టనివ్వలేదు.

నీ ఉత్తరం మీ నాన్న మేనత్త ఇనాలుక్‌కి చదివి వినిపించాను.

"ఏమే, పోయినవాడి పేరు బిడ్డలో చేరేదాకా బిడ్డ ఊరుకుంటుందా? వాడే అక్కడికెళ్లి అరుస్తున్నాడు. ఎన్నాళ్లు ఏడిపిస్తావే?" అంది.

"ఆయన పోయారని ఎవరు చెప్పారత్తా?"

"కుక్కలు చెప్పాయి."

నా కళ్లు తుడిచి, "ఊరుకోవే. పళ్లులేని మొగుడైనా మొగుడే. ఎత్తుకుని తిప్పుదువుగాని" అంది. నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

మోకరించి చాలాసేపు ప్రార్థించాను. దేవుడేమీ చెప్పలేదు. బిడ్డ ఏడుపు మాత్రం ఇక్కడికి వినిపిస్తూనే ఉంది.

వాడి చెవిలో మెల్లగా మీ నాన్న పేరుతో "అయాకో" అని పిలువు. ఇకమీదట నువ్వు వాణ్ణి నాన్నా అనే అనాలి, కసరకూడదు. వాడు ఊరుకుంటే కబురు చెయ్యి, గంట కొట్టమని పాస్టరుగారికి చెబుతాను.

ఊరుకోకపోతే ఇంకా తొందరగా చెయ్యి, తల్లీ.

ఇట్లు,
ఒడ్డునే ఉన్న
మీ అమ్మ