ముప్పై ఎనిమిది ముఖచిత్రాలు

విజయనగరం,
జూన్ 9

గౌరవనీయులైన దాలయ్య మాస్టారికి నమస్కారాలు.

నా పేరు భారతి. ఇక్కడ కాలేజీలో తెలుగు చెబుతాను. పాత డిటెక్టివ్ మాసపత్రికల ముఖచిత్రాలతో వచ్చే నెల ప్రదర్శన పెడుతున్నాం. వాటిలో ముప్పై ఎనిమిదింటి మీద ‘దాలి’ అని సంతకం ఉంది. ఆ దాలి పాతపట్నంలో డ్రాయింగు మాస్టారుగా రిటైరైన మీరేనని తెలిసింది. ఎర్రచీర, చేతిలో పిస్తోలు, కాళ్ల దగ్గర శవం, అయినా తొణకని ఆ చూపు! ప్రదర్శన మీరే ప్రారంభించాలి.

ఇట్లు,
భారతి

తా.క.: ఫోను నంబరు ఇస్తే మాట్లాడతాను.

పాతపట్నం,
జూన్ 14

భారతిగారికి,

మీరు పొరబడ్డారు. ఆ దాలి నేను కాను. ముప్పైనాలుగేళ్లు పిల్లలకి మామిడిపండూ, చిలకా, జాతీయజెండా నేర్పినవాణ్ని. నేను శవాలు గీయడమేమిటి? మా వీధిలో నాకు కాస్త పరువుంది, ఉండనివ్వండి. ఫోను నంబరు ఇవ్వను. మా ఇంట్లో ఫోను మా ఆవిడ చిన్నతల్లి ఎత్తుతుంది.

ఇట్లు,
బి. దాలయ్య, డ్రాయింగు మాస్టారు (రిటైర్డ్)

తా.క.: ఊరికే అడుగుతున్నాను. చిరుతపులి ఒకడి మీదికి దూకే బొమ్మ దొరికిందా? దొరికితే ఎండ తగలనివ్వకండి. ఆ పసుపు నిలవదు.

విజయనగరం,
జూన్ 20

మాస్టారికి నమస్కారాలు.

శ్రమ ఇచ్చినందుకు క్షమించండి. అదృష్టం కొద్దీ అసలు దాలి దొరికారు. శ్రీకాకుళంలో సైన్‌బోర్డులు రాసే సోములుగారు ఆ బొమ్మలన్నీ తనవేనన్నారు. శాలువా ఆయనకే కప్పుతున్నాం.

ఇట్లు,
భారతి

తా.క.: చిరుతపులి గురించి అడిగితే, అది పిల్లి అన్నారు.

పాతపట్నం,
జూన్ 25

అమ్మాయ్ భారతీ,

సోములా! వాడికి ముక్కు గీయడం రాదు. అందుకే మనుషులందర్నీ అటు తిప్పి గీస్తాడు. ఆ దాలిని నేనే.

నా సిగ్గు శవాల గురించి కాదు. ఆ బొమ్మలన్నిటికీ చిన్నతల్లే నిలబడింది. కొత్తగా పెళ్లైన రోజులు. కాలెండరుకి లక్ష్మీదేవిని వేస్తున్నానని అబద్ధం చెప్పాను. పాపం, తలంటుకుని, ఎర్రచీర కట్టుకుని, కలువపువ్వు అనుకోమంటే అట్లకాడ పట్టుకుని, మెడ నొప్పెట్టినా కదలకుండా నిలబడేది. అట్లకాడని పిస్తోలు చేశాను. చీర కాస్త జార్చాను కూడా. కాలెండరేదని అడిగితే అచ్చులో ఉందన్నాను. యాభై ఏళ్లుగా అచ్చులోనే ఉంది. ఆవిడ మాత్రం వీధంతా చెప్పుకుంది, “మా బావ నన్ను లచ్చిందేవిని సేసినాడు” అని. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించదు.

నీకు దండం పెడతాను, ఆవిడకి తెలియనివ్వకు.

ఇట్లు,
దాలయ్య

తా.క.: అది పిల్లి కాదు.

విజయనగరం,
జూలై 1

మాస్టారూ,

మీ ఉత్తరం ఇవాళ అందింది. ఆహ్వానపత్రిక మొన్న శనివారమే మీకు పంపేశాను. మీరు దాలి కాకపోయినా బొమ్మలు తెలిసినవారని ‘కుటుంబసమేతంగా’ అని రాశాను. దాని మీద ఎర్రచీర బొమ్మే రంగుల్లో వేయించాం. సిగ్గుతో తలెత్తుకోలేకపోతున్నాను. సోములుగారు గట్టిగా అడిగితే ఆ బొమ్మలు తనవి కావని ఒప్పుకున్నారు.

క్షమాపణలతో,
భారతి

తా.క.: మీ పోస్ట్‌మ్యాన్‌ని ఎలాగైనా ఆపండి.

పాతపట్నం,
జూలై 8

అమ్మా భారతీ,

నీ ఉత్తరం కంటే కార్డే ముందొచ్చింది. నేను బజారునుంచి వచ్చేసరికి చిన్నతల్లి దాన్ని పట్టుకుని అరుగు మీద కూర్చునుంది. అడక్కముందే అంతా చెప్పేశాను. కాలెండరు లేదన్నాను. పిస్తోలు సంగతీ, చీర సంగతీ చెప్పాను.

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, “అదంతా సరేగాని, ఈవిడెవులు?” అంది.

“నువ్వే.”

“నానా? ఈ నడుమేటి, నా నడుమేటి? నా ముక్కు ఇలగుంటాదా? నిజం సెప్పు బావా, ఎవులి బొమ్మలో ఏసి నా పేరు సెప్తన్నావా?”

పోల్చుకుంటుందేమోనని యాభై ఏళ్లు భయపడి చచ్చాను. తీరా చూస్తే పోల్చుకోలేదు! బొమ్మలేసేవాడికి ఇంతకంటే సిగ్గుచేటు ఉందా? మూడు రోజులు నాకు కూర లేదు, చారే.

నాలుగోనాడు కాగితం, పెన్సిలు తీశాను. “ఓపాలి కూకో” అన్నాను.

“దేనికి? కాలెండరుకా?”

“కాదు. నీ బొమ్మకి.”

కూర్చుంది. అప్పుడు చూశాను, ఆవిడ నుదుటి మీద చిన్నప్పటి దెబ్బ మచ్చ. ముప్పై ఎనిమిదింటిలో ఒక్కదాంట్లోనూ వేయలేదు. ఆ రోజుల్లో పత్రికవాళ్లు అడిగిన నడుము మీదే నా ధ్యాసంతా. మనిషికేసి చూసిందెప్పుడు? ఈసారి మచ్చ, ముడతలు, పన్ను ఊడిన చోటుతో సహా ఉన్నదున్నట్టు వేశాను.

చాలాసేపు చూసింది. “ఇది నానే” అంది.

ఆ సాయంత్రం వంకాయ కూర చేసింది.

బొమ్మ వేరే కవర్లో పంపుతున్నాను. మిగతావాటి పక్కన పెట్టి, కింద చిన్నతల్లి అని పేరు రాయి. ఇద్దరం వస్తున్నాం.

ఆశీస్సులతో,
దాలయ్య

తా.క.: ఎదురింటి కుమారి తన బొమ్మ కూడా వేసిపెట్టమంది. చిన్నతల్లి నా పెన్సిళ్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. ఈ ఉత్తరం పెన్నుతో రాస్తున్నది అందుకే.