కవరు మీది ప్రొఫెసర్

షాద్‌నగర్,
12-7-2022, మంగళవారం.

బాపుకు నీ పెద్దబిడ్డ నాగరాణి కాళ్ళకు మొక్కి రాస్తున్న జాబు. ఇక్కడ నేను కుశలం. ఈ ముసురులో అక్కడ నువ్వు, అమ్మ, గోపమ్మవ్వ, తమ్ముడు గిరి, దొడ్డిలోని జీవాలతో సహా అందరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం పదకొండు రోజులకు నా చేతికి వచ్చింది. ఎందుకంత ఆలస్యమైందో చివర చెబుతాను. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు మరిచిపోకూడదని నువ్వు ఉత్తరాలు రాస్తావు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, వాడకట్టంతా వింటుంది కాబట్టి నేనూ రాస్తాను. ఈ జాబు ముందు నువ్వొక్కడివే చదువు. తర్వాత గిరికి ఇవ్వు.

నువ్వు అడిగినవాటికి జవాబు చెబుతాను. గొర్ల గిట్టల మధ్య పుండ్లు తడి వల్లనే. దొడ్డిని మెరక మీదికి మార్చి, రెండు జీవాలనైనా కల్వకుర్తి పశువుల దవాఖానకు తీసుకెళ్ళి చూపించు. మందుల షాపువాడిని అడగకు. వాడు ఏ రోగానికైనా తన దగ్గర మిగిలిపోయిన మందే చెబుతాడు. అవ్వ కళ్ళద్దాలు వచ్చే నెల వచ్చేటప్పుడు తెస్తాను.

ఇక గిరి సంగతి. నల్గొండ సర్కారు కాలేజీలో సీటు వచ్చిందనీ, ఈ నెల పదహారు శనివారంలోగా చేరాలనీ, వాడు మాత్రం దాన్ని వదులుకుని మా యూనివర్సిటీకే వస్తానని మొండికేస్తున్నాడనీ రాశావు. కల్వకుర్తి బస్టాండు ఎదుట మా బోర్డు మీద "రాష్ట్రంలో నాలుగో ర్యాంకు" అని చూశాడట. అక్క పాఠం చెప్పేచోటనే చదువుతానంటున్నాడట. దాని కిందనే నువ్వు ఒక మాట అడిగావు. "బిడ్డా, గా నంబరు ఎవలిచ్చిండ్రు? ఇచ్చినోళ్ళు నోరు తెరిపిచ్చి పండ్లు చూసిండ్రా?"

వయసు తేల్చుకోవడానికి పండ్లు లెక్కపెట్టకుండా అంగట్లో పొట్టేలును తాకనివాడివి నువ్వు. నీకు అబద్ధం చెప్పలేను. ఎవరూ నోరు తెరిపించి చూడలేదు బాపూ, కాగితాలు చూశారు. ఢిల్లీలో ఒక పత్రిక ఉంది. ఏటా వాళ్ళొక ఫారం పంపుతారు. పంతుళ్ళు ఎంతమంది, వాళ్ళలో డాక్టరేట్లు ఎందరు, పుస్తకాలు ఎన్ని, ఎందరు పిల్లలకు కొలువులు దొరికాయి అని అడుగుతారు. నింపేది మేమే. పొట్టేలు ఎన్ని కిలోలని అమ్మేవాడినే అడిగి రాసుకున్నట్టు. చివర "పేరు ప్రతిష్ఠ" అని ఒక గడి ఉంటుంది, దానికి మార్కులు ఎక్కువ. మీ దృష్టిలో మంచివి ఏవని వేరే యూనివర్సిటీల పెద్దమనుషులను అడిగి ఆ గడి నింపుతారు. వాళ్ళకు మా ఆఫీసు నుంచి ముందే ఫోన్లు పోతాయి. నా డబ్బా నువ్వు కొట్టు, నీ డబ్బా నేను కొడతా అన్నమాట.

లైబ్రరీలో నలభై వేల పుస్తకాలని రాశారు. సగం హైదరాబాదులో పాత కాగితాల వాళ్ళ దగ్గర తూకానికి తెచ్చినవే. కోళ్ళ రోగాల మీద ఒకే పుస్తకం అరవై రెండు కాపీలుంది. ఇక్కడ కోళ్ళ చదువు చెప్పేవాళ్ళే లేరు. ఇవన్నీ నాకెట్లా తెలుసని అప్పుడే అడగకు.

అందరూ దొంగలని అనను. ఇక్కడ కూడా మనసుపెట్టి పాఠం చెప్పేవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. ర్యాంకు వచ్చిన ప్రతిచోటా ఇదే తంతు అని కూడా నాకు తెలియదు. కానీ బోర్డు ఎంత పెద్దదైతే నాకు అనుమానం అంత పెద్దదవుతుంది. అది గోపమ్మవ్వ నుంచి వచ్చిన ఆస్తి.

నీ పెళ్ళి కథ నువ్వు మాకు ఎన్నిసార్లు చెప్పావో లెక్కలేదు. పిల్లనిచ్చే ముందు పిల్లవాడి మందను చూసుకోవడం మనవాళ్ళ ఆచారం. అమ్మను ఇవ్వడానికి అవ్వ వాళ్ళు వచ్చిన రోజు, తాత, అంటే మీ నాయన, పక్కింటి దశరథం గొర్లను కూడా మందలో కలిపి నిలబెట్టాడు. అందరూ తలలూపి కల్లుకు లేచారు. అవ్వ మాత్రం కదల్లేదు. "పొద్దుగూకే దాంక కూసుంట. ఏ గొర్రె ఏ దొడ్లెకు పోతదో చూసినంకనే మాట" అంది. తాత కళ్ళెర్రజేస్తున్నా నువ్వు పోయి ఆమె ముందు నిలబడి, సగం మావి కావని చెప్పావు. ఇంకా బారెడు పొద్దు ఉండగానే అవ్వ లేచి పిల్లనిస్తానంది.

నేనూ అవ్వ పద్ధతే పట్టాను. నీ జాబు అందకముందే, సీటు సంగతి అమ్మ ఫోన్లో చెప్పగానే, కిందటి గురువారం సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా బస్సులు మారి నల్గొండ పోయి, గిరికి సీటు వచ్చిన కాలేజీ చూశాను. గేటు మీది పేరులో రెండు అక్షరాలు రాలిపోయాయి. కుళాయి కారుతూనే ఉంది. ఆడపిల్లల బాత్రూముకు గడియ లేదు. తప్పులు వెతకడానికే పోయినట్టు అన్నీ చూసుకుని, సాయంత్రం ఐదు దాటేదాకా మెట్ల మీద కూర్చున్నాను. పిల్లలు చాలామంది వెళ్ళిపోయారు. కెమిస్ట్రీ గదిలో మాత్రం లైటు వెలుగుతోంది. పరశురాములు అనే సారు, చేతుల నిండా సుద్దపొడితో, నలుగురు పిల్లలకు లెక్క చేసి చూపిస్తున్నాడు. ఒక పిల్ల లేచి, మీరు వేసింది తప్పు సార్ అంది. ఆయన బోర్డు వైపు చాలాసేపు చూసి, "అవు బిడ్డా, తప్పే. నువ్వొచ్చి దిద్దు" అన్నాడు.

నేను చూస్తున్నానని తెలిసి అట్లా అన్నాడేమోనని కూడా అనుమానించాను బాపూ. నేను ఉన్నది ఆయనకు తెలిసే వీలు లేదు.

ఇక నీకు చెప్పలేక ఇంతదూరం లాక్కొచ్చిన సంగతి. మొన్న మాఘంలో ఆ పత్రిక తరఫున ముగ్గురు మా యూనివర్సిటీని చూడటానికి వచ్చారు. ఆ రోజు హైదరాబాదు నుంచి మూడు వ్యాన్ల నిండా పంతుళ్ళను తెచ్చారు. అయినా చాల్లేదు. నన్ను కూడా నిలబెట్టారు. యూనివర్సిటీలో కొలువు అని నీకు చెప్పాను కానీ ఏ కొలువో చెప్పలేదు. నేను లైబ్రరీలో పుస్తకాలకు ముద్రలు వేస్తాను. రెండేళ్ళుగా అదే పని. ఏనాడూ పాఠం చెప్పలేదు. వాళ్ళకిచ్చిన లిస్టులో మాత్రం నా పేరు ముందు డాక్టర్ అనీ, వెనక ప్రొఫెసర్ అనీ ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుని బోర్డు మీద తంగేడు ఆకు బొమ్మ గీశాను. ఎన్నేళ్ళుగా చెబుతున్నారని వచ్చినాయన అడిగితే, ఐదేళ్ళన్నాను. ముందు బెంచీలో ప్రవళిక అనే పిల్ల కూర్చుంది. ముందురోజే ఆమె లైబ్రరీ కార్డు మీద ముద్ర వేశాను. నేను ఐదేళ్ళనగానే ఆ పిల్ల తల దించుకుంది. సిగ్గుపడాల్సిన నేను తలెత్తుకునే నిలబడ్డాను.

నువ్వు పటం కట్టించి గోడకు వేలాడదీసిన ఫోటో ఆ రోజుదే. చీర బాగుందని పంపాను, అంతే. నువ్వు దాన్ని పట్టుకుని, నా బిడ్డ పాఠం చెప్తాందని ఊరందరికీ చూపించావట. అమ్మ చెప్పినప్పుడే కాదని అనాల్సింది. అనలేదు. ఆ మాట నాకు తియ్యగా ఉండింది. ఆ మందలో దశరథం గొర్రెను నేనే బాపూ. సాయంత్రం వ్యాన్లు వెళ్ళిపోయాక నా దొడ్డికి నేను పోయి, మళ్ళీ ముద్రలు వేసుకుంటూ కూర్చున్నాను.

నీ ఉత్తరం ఆలస్యం ఎందుకైందంటే, కవరు మీద నువ్వు ఎప్పుడూ లేనిది "ప్రొఫెసర్ నాగరాణి గారికి" అని రాశావు. గేటు దగ్గర ఉండే కాటమయ్య దాన్ని పట్టుకుని ఇన్ని రోజులూ ఒక్కొక్క డిపార్ట్‌మెంటు తిరిగాడట. నిన్న లైబ్రరీకి వచ్చి, "అమ్మా, గీ పేరుతోని ప్రొఫెసరు గీ జాగల ఎవలు లేరు. నీ పేరే గదా అని తెచ్చిన, జర చూడు" అన్నాడు. ఢిల్లీవాళ్ళకు దొరికిన ప్రొఫెసర్ కాటమయ్యకు దొరకలేదు. ర్యాంకులు ఇవ్వాల్సింది ఆయన.

గిరిని శనివారంలోగా నల్గొండలో చేర్పించు. నా మాట కూడా గుడ్డిగా నమ్మొద్దని చెప్పు. ఒక సాయంత్రం వాడే ఆ మెట్ల మీద కూర్చుని చూసుకోమను. లిస్టులోంచి నా పేరు తీసేయమని ఈ రోజు పొద్దున కాగితం రాసి ఇచ్చాను. కొలువు ఉంటుందో పోతుందో తెలియదు. పోతే భయమే, కానీ ఇప్పుడున్న భయం కంటే తక్కువ. గోడ మీది ఫోటో దించు. నలుగురిలో నీకు తలవంపు తెచ్చాను. నువ్వు తాత మాట కాదని నిజం చెప్పినప్పుడు ఇంకా బారెడు పొద్దు ఉంది. నాకు ఐదు నెలలు పట్టింది.

కోపం వస్తే ఆ కోపాన్నే రాసి పంపు, చదువుకుంటాను. రాయకుండా మాత్రం ఉండకు. కవరు మీద ఈసారి "నాగరాణి, లైబ్రరీ" అని రాయి. కాటమయ్య అదే రోజు తెచ్చి ఇస్తాడు.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
నాగరాణి