గొంగళి వాషర్లు

3 సెప్టెంబర్ 2024, మంగళవారం

జియా అన్న ఈ రోజు కూడా మా బస్సే ఎక్కాడు. జమ్మలమడుగులో ఎక్కి ప్రొద్దుటూరులో దిగుతాడు, డయాలసిస్‌కి. ఇన్నేళ్లు ఈ రూట్‌లో ఆయన డ్రైవర్, నేను కండక్టర్. ఇప్పుడు ఆయన ప్యాసెంజర్. డ్రైవర్ వెనక సీట్లోనే కూర్చుంటాడు. కొత్త డ్రైవర్ గేరు మార్చినప్పుడల్లా ఆయన ఎడమకాలు తనకు తెలియకుండానే కిందికి నొక్కుతుంది. నేను చూడలేక టికెట్ల మీద పడతాను.

దిగేముందు నా వేళ్లు తీసుకుని తన ఎడమ ముంజేతి మీద పెట్టుకున్నాడు. డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు. లోపల గుయ్‌మని ఒకటే అదురు. చేప దారం లాగతాన్నట్టు లేదా రమణా అన్నాడు. ఇది నిలిచిపోయిన దినం నేనూ నిలిచిపోతానప్పా అని కూడా అన్నాడు, నవ్వుతూనే. నాకు ఒళ్లు మండింది. నోటికి ఏదొస్తే అది మాట్లాడొద్దని కసిరాను.

అప్పుడు నా సంచిలో ఒక కవరు పెట్టాడు. వాళ్ల నాయన మైలవరం డ్యాం దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నప్పుడు ఎవరో ఇంజినీరు ఇచ్చిపోయిన ఫిషింగ్ రీల్. దీన్ని బాగు చెయ్యి, చేప పడి ఇది కర్రుమంటే ఒక్కసారి ఇనాల, ఇంకేమొద్దు అన్నాడు.

4 సెప్టెంబర్, బుధవారం

వీక్లీ ఆఫ్. రీల్ విప్పాను. పక్కనున్న నాబ్ కింద ఇత్తడి బిళ్లలు, వాటి మధ్య ఫెల్ట్ వాషర్లు. ఫెల్ట్ మొత్తం పొడై చాప మీద రాలింది. ఫోన్ చేస్తే జియా అన్న చెప్పాడు, అది క్లచ్ ప్లేట్ లాంటిదప్పా, దాన్ని డ్రాగ్ అంటారు, పెద్ద చేప గుంజితే జారి దారం ఇడ్సాల, జారకుంటే దారమన్నా తెగుతాది చెయ్యన్నా పోతాది అని.

చెయ్యన్నా పోతాది. ఈ రీల్‌కి హ్యాండిల్ కుడివైపు ఉంది. కాబట్టి గాలం కర్ర ఎడమచేత్తోనే పట్టాలి. ఆ చేత్తో నీళ్ల బిందె కూడా ఎత్తొద్దని డాక్టర్ ఖరాఖండిగా చెప్పాడు. అది దెబ్బతింటే డయాలసిస్ ఎక్కడ చేస్తారు? కొత్త రీల్ కొనిస్తానన్నాను. నీ కొత్త రీల్ నువ్వే పెట్టుకో అని ఫోన్ పెట్టేశాడు. మొండిఘటం.

9 సెప్టెంబర్, సోమవారం

పులివెందుల బస్టాండులో బస్సు ఆగి ఉన్నంతసేపూ హార్డ్‌వేర్ షాపులు తిరిగాను. అందరూ డ్రిప్పు పైపుల రబ్బరు వాషర్లే చూపించారు. రబ్బరు పట్టుకుంటుంది, జారదు. చివరి షాపు నాకు తెలిసిన షాహుల్‌ది. అతను నవ్వాడు. ఫెల్ట్ అంటే ఉన్నే కదన్నా, గొర్రెలోళ్లు మీరే ఉన్ని కోసం ఊరంతా తిరుగుతాండారే అన్నాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టైంది నా పని.

ఇంట్లో రెండు గొంగళ్లు ఉన్నాయి. దండెం మీద ఉన్నది నాయనది. నాయన పోయినప్పటి నుంచి అమ్మ దాన్ని ఎవరినీ ముట్టనివ్వదు. రెండోది కొత్తది, పెట్టెలో ఉంటుంది. పెళ్లిళ్లలో పరిచేదానికి తప్ప బయటికి రాదు.

10 సెప్టెంబర్, మంగళవారం

అమ్మ గుడికి పోయినప్పుడు కొత్త గొంగళి మూల కోశాను.

15 సెప్టెంబర్, ఆదివారం

భుజం నొప్పిగానే ఉంది, అయినా రాస్తాను.

డ్యూటీకి సెలవు పెట్టి మైలవరం పోయాం. జియా అన్న, దిల్షాద్‌బీ వదిన, నేను. డ్యాం నిండా నీళ్లు. ఆయన నీళ్లు కొలిచి తాగాల్సిన మనిషి. చాలాసేపు ఆ నీళ్లనే చూస్తూ కూర్చున్నాడు. కర్ర తనకిమ్మన్నాడు. ముందు నేను చూస్తానన్నాను. ఇంట్లో లాగి చూసినప్పుడు వాషర్లు బాగానే జారాయి. అయినా ఎందుకో ఇవ్వబుద్ధి కాలేదు.

తుంపర మొదలైంది. రీల్ తడిసింది. కాసేపటికి పెద్ద బొచ్చె చేప పడింది. రీల్ కర్రుమనలేదు. బిగుసుకుపోయింది. కర్ర కొన నీళ్లలోకి పోయింది, నా భుజం పీకేసినట్టైంది, దారం టప్పున తెగింది. నేను వెల్లకిలా పడ్డాను.

జియా అన్న ముందు నా చెయ్యి పట్టుకుని చూశాడు, బాగుందా అని. వదిన మాత్రం ఊరుకోలేదు. అదే ఆయప్ప చేతిలో ఉండుంటే ఏమయ్యేది రమణా అంది.  రీల్ సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశాను.

16 సెప్టెంబర్, సోమవారం

రీల్ విప్పితే వాషర్లు బిళ్లలకు అతుక్కుని ఉన్నాయి. జిగట జిగటగా, అట్లపిండి లాగా. అమ్మ వచ్చి నిలబడింది. వేలితో తాకి, వాసన చూసి, నేరుగా పెట్టె దగ్గరికి పోయింది. దొరికిపోయాను.

తిట్లు వాకిట్లోకి వినపడ్డాయి. గొర్రెలోళ్ల కడుపున పుట్టి కొత్త గొంగళికి చింతగింజల గంజి పెడతారని తెలీదా, తడిస్తే జిగురుకాక ఏమయితాది, బస్సులో టికెట్లు చింపేదానికి తప్ప దేనికి పనికొస్తావురా అంది. పెళ్లి గొంగళి కోసిన చేతులు ఏం చేతులని ఏడ్చింది. అప్పుడు జియా అన్న సంగతి మొత్తం చెప్పాను. అమ్మ అన్నం పెట్టి వెళ్లిపోయింది.

18 సెప్టెంబర్, బుధవారం

పొద్దున లేచేసరికి అమ్మ నాయన గొంగళి ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది. కత్తెర నేను అందుకోబోతే ఇవ్వలేదు. రీల్‌లోని ఇత్తడి బిళ్ల కొలతగా పెట్టుకుని తానే కోసింది, ఒక్కొక్కటీ గుండ్రంగా. వానలన్నీ మీ నాయన మీదనే కురిసినాయి, దీంట్లో గంజి యాడుంటాది అంది. ఆ డ్రైవరు శానా మంచోడు, మీ నాయన గొర్రెలు రోడ్డుకడ్డమొస్తే ఒక్కనాడు హారన్ కొట్టలేదు అంది. నాకు ఆ సంగతే తెలియదు. ఇద్దరం ఏడ్చాం.

వాషర్లకు కొంచెం గ్రీజు పట్టించి బిగించాను. రీల్‌ను బకెట్ నీళ్లలో ముంచి తీసి, దారం కొస అమ్మ చేతికిచ్చి లాగమన్నాను. కర్ర్‌ర్‌ర్. అమ్మ ఉలిక్కిపడి వదిలేసింది. మళ్లీ తనే అడిగి లాగింది.

22 సెప్టెంబర్, ఆదివారం

పడింది! తడి రీల్ జారడం వదినే లాగి చూసి ఒప్పుకుంది, కర్ర ఈసారి జియా అన్న చేతిలోనే ఉంది. వదిన ఆయన భుజం పట్టుకుని పక్కనే నిలబడి దువా చదువుతోంది. బొచ్చె ఒక్క గుంజు గుంజి లోపలికి పరుగెత్తింది. రీల్ కర్రుమని మోగింది. దారం పోతూనే ఉంది, చెయ్యి మాత్రం కదల్లేదు. ఆయన హ్యాండిల్ తిప్పడం మరిచిపోయి కళ్లు మూసుకున్నాడు. తిప్పన్నా, తిప్పు అని నేను అరిచాను. ఉండప్పా, ఇననీ అన్నాడు.

చేపను చాలాసేపు ఆడించి ఒడ్డుకు తెచ్చాడు. ఇంటికి తీసుకుపోమంటే ఒప్పుకోలేదు. గొంగళి ఆమెది, చేపా ఆమెదే, మీ అమ్మ గురవమ్మకు ఇయ్యిపో అన్నాడు. అమ్మ పులుసు పెట్టి మొదటి ముక్క నాయన ఫోటో ముందు పెట్టింది.

19 నవంబర్, మంగళవారం

జమ్మలమడుగు స్టాపులో జియా అన్న లేడు.

డ్యూటీ దిగి ఆయన ఇంటికి పోయాను. తెల్లగుడ్డ కప్పి పడుకోబెట్టి ఉన్నారు. ఆయన ఎడమ ముంజేతి మీద వేళ్లు పెట్టాను. ఏ అదురూ లేదు. వదిన లోపలికి పోయి రీల్ తెచ్చింది. ఆయన చెవి దగ్గర పెట్టి ఒక్కసారి దారం లాగమంది. లాగాను. బాగా జారింది.