మలుపు తిరగని బండి

అక్కా,

ఈ కార్డు ముక్కతో నీ ప్రశాంత జీవనాన్ని భగ్నం చేస్తున్నందుకు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. నేను క్షేమం. నాన్న పికప్ బండి క్షేమం కాదు.

టైర్లు అరిగాయని, ఆయన వద్దన్నా వినకుండా వెడల్పువి వేయించాను. ఖాళీ బండి పెళ్ళికొడుకులా మెరిసింది. ఇటుకలు ఎత్తగానే కుంగింది. మలుపులో టైరు మడ్‌గార్డును ఒరుసుకుని పొగలు కక్కింది. “ఇంజనీరు గారూ, మలుపుల్లేని రోడ్డు దొరికాక రండి!” అని బట్టీ యజమాని పంపేశాడు. ఇక పని లేదు. జోకులేసే ఓపికా లేదు.

పాత కొలత టైర్లు ఎక్కడైనా దొరుకుతాయేమో బావను చూడమను. నీ పంటినొప్పి తగ్గిందా? చంటిదానికి ముద్దులు. నాన్నకు నువ్వే మెల్లగా చెప్పు: టైరుకు చోటు చేద్దామని మడ్‌గార్డు కోసింది నేనే. అమ్మ పోయాక ఆయన దానిమీద చేత్తో రాసుకున్న ఆమె పేరులో ఇప్పుడు సగమే మిగిలింది.