చూపు బాగున్న మనిషికి నాలుగు పరీక్షలు

ప్రియమైన అమ్మకు,

నీ పెద్దకొడుకు ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను క్షేమం, కళ్ళజోళ్ళ షాపు క్షేమం. అక్కడ మీరిద్దరూ క్షేమమని, చెల్లి ఈసారి నీ కళ్ళజోడు మీద కూర్చోలేదని నమ్ముతున్నాను.

నువ్వడిగిన వాటికి జవాబులు. దగ్గు తగ్గింది. దుప్పట్లు ఎండలో వేస్తున్నాను. "ముప్పై ఆరు నిండాయి, ఇంకా ఎన్నాళ్ళురా పెళ్ళి కోసం ఈ కనిపెట్టుకుని ఉండడం?" అన్నావు. దానికి జవాబు కింద ఉంది. ముందే కిందికి చూడకు.

మా పాస్టరుగారు పెళ్ళికాని యువతకు శనివారం క్లాసు నన్ను చెప్పమన్నారు. "నాకేం తెలుసండీ?" అంటే, "ఎదురుచూడ్డంలో మన సంఘంలో నీ అంత అనుభవం ఎవరికుంది బాబూ!" అన్నారు. పొగిడారో తిట్టారో ఇప్పటికీ తేల్చుకోలేదు. మొదటి పాఠం, చూపును కాపాడుకోవడం. ముందు వరుసలోని బస్సు డ్రైవరు చెయ్యెత్తాడు.

"అన్నా, మీరు రోజంతా ఆడవాళ్ళ కళ్ళలోకి జానెడు దూరం నుంచి చూస్తారు కదా, మరి మీకెలా?"

గదంతా గొల్లుమంది. "నాకు కళ్ళు కనబడవు తమ్ముడూ, నంబర్లే కనబడతాయి" అన్నాను. పదకొండేళ్ళుగా అది నిజమే అమ్మా. మనం ఒట్టు పెట్టకూడదు గాని, పెట్టొచ్చంటే పెట్టేవాణ్ణి.

తర్వాత ఒకరోజు షాపుకు పియానో టీచరు వచ్చింది. మా సంఘంలో పాటలకు వాయిస్తుంది, నా క్లాసులో వెనక కూర్చుంటుంది. చదివేటప్పుడు కాస్త మసగ్గా ఉందంది. అర నంబరు అద్దాలిచ్చాను, సరిపోయాయి. అక్కడ ఆగితే బాగుండేది.

ఇక దాచను. "రెండు వారాలాగి మళ్ళీ చూపించుకోండి" అన్నాను. అవసరం లేదమ్మా. ఆమెను చూడాలని అబద్ధమాడాను. వచ్చింది. మళ్ళీ రమ్మన్నాను, మళ్ళీ వచ్చింది. పరీక్ష చేస్తున్నంతసేపూ మనసులో కీర్తన చదువుకునేవాణ్ణి. సగంలో మరిచిపోయి మళ్ళీ మొదటికి వచ్చేవాణ్ణి. శనివారం రోజున "ప్రేమలో మోసం ఉండకూడదు" అని చెబుతూ వెనక వరుస వైపు చూడకుండా పుస్తకంలోకి చూసేవాణ్ణి. గురివింద గింజ సామెత నా కోసమే పుట్టిందనిపించింది.

మొన్న గురువారం నాలుగోసారి వచ్చింది. షాపు తలుపులు బార్లా తెరిచి, బల్లకు ఇవతలే నిలబడి చెప్పేశాను. "ఆ అద్దాలతో మీ చూపు మొదటిసారే బాగైందండీ. మిమ్మల్ని చూడాలనే రమ్మన్నాను. తప్పు నాదే, క్షమించండి."

ఆమె అక్షరాల బోర్డుకు వీపు పెట్టి నిలబడి, చివరి వరుస గడగడా అప్పజెప్పింది.

"పోయినసారి ఈ వరుస కనబడట్లేదన్నాను కదా? నేనూ అబద్ధమే ఆడానండీ."

ఇద్దరు దొంగలకూ నవ్వాగలేదు. కాసేపటికి "ఇప్పుడేం చేద్దాం?" అంది. "మా అమ్మకు రాస్తాను" అన్నాను. "ముప్పై ఆరేళ్ళొచ్చాకా?" అంది గాని, గుమ్మం దాటుతూ "దస్తూరీ బాగా వచ్చేలా రాయండి" అని చెప్పి వెళ్ళింది.

పాస్టరుగారికీ అంతా చెప్పి, క్లాసు మానేస్తానన్నాను. "మానకు. వచ్చే శనివారం ఇదే చెప్పు, ఆ అబద్ధంతో మొదలుపెట్టు" అన్నారు. ఆ డ్రైవరు మొహం ఎలా చూడాలో తెలియడం లేదు.

ఆమె చెయ్యి కూడా పట్టుకోలేదమ్మా. ముందు నీ దీవెన కావాలి. ఫోన్లో చెబుదామని రెండుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను, అందుకే ఉత్తరం. ఎదురుచూడ్డం గురించి ఎనిమిది పాఠాలు చెప్పినవాణ్ణి, దీన్ని ఇంకా పోస్టు చెయ్యకుండానే నీ జవాబు కోసం గుమ్మం వైపు చూస్తున్నాను. నువ్వు ఉత్తరం రాయకు. ఫోన్ చెయ్యి.

ఇట్లు,
ఓపికంతా అయిపోయిన
నీ పెద్దకొడుకు