అమ్మాయికి అంకెలు

ఫిబ్రవరి 11

డాక్టరు గదిలోకి పిలిచి చెప్పాడు. ప్రాణానికి భయం లేదట. మాట పోలేదు, నడక పోలేదు. తలలో నరం చిట్లినచోట అంకెలుండే జాగా ఉందట. అది పోయిందట. అలాంటి జాగా ఒకటుంటుందని నాకు ఇవాళే తెలిసింది.

అమ్మాయికి వేళ్లు చూపించి ఎన్ని అని అడిగాడు. అది వేళ్లు చూడలేదు, ఆయన మొహం చూసింది. ఊరి బడిలో నేనూ అలాగే పంతులుగారి మొహం చూసేవాణ్ణి, జవాబు అక్కడేమైనా కనిపిస్తుందేమోనని.

మా అమ్మాయి యూనివర్సిటీలో లెక్కలు చెబుతుంది.

ఫిబ్రవరి 20

ఇంటికి తెచ్చాం. ఇల్లంటే యూనివర్సిటీ వాళ్లిచ్చిన క్వార్టర్సే. అమ్మాయి డిపార్ట్‌మెంటు హెడ్ మేడమ్ చూడడానికి వచ్చింది. మంచి మనిషి. జూన్‌లో క్లాసులు మొదలయ్యేదాకా ఉద్యోగం పోకుండా ఎలాగోలా ఆపుతాను బాబాయ్‌గారూ, అప్పటికి ఫస్టియర్ వాళ్లకైనా చెప్పగలిగితే చాలు, లేదంటే నా చేతుల్లో ఉండదు, అంది.

ఆవిడ వెళ్లాక అమ్మాయి గోడవైపు తిరిగి, నాకింకేం వచ్చు నాన్నా, అంది. దుప్పటి దాని కాళ్ల మీదికి లాగాను.

మా ఆవిడ ఊరుకునే రకం కాదు. పెళ్లొద్దు, లెక్కలు చాలంది కదా, ఇప్పుడా లెక్కలే విడాకులిచ్చి పోయాయి, అంది వంటింట్లోంచి. అని, గిన్నెలు చాలాసేపు తోమింది.

ఫిబ్రవరి 27

థెరపిస్టు వారానికోసారి వస్తుంది. మిగతా రోజులు ఇంట్లోవాళ్లే కూర్చోబెట్టాలట. మా ఆవిడ చదువుకోలేదు. నేను ఐదో తరగతి. కాబట్టి నేనే.

చెంచాలు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఒకటి, అన్నాను. ఒకటి, అంది. నాకు సిగ్గేసింది. దాని పుస్తకాల బీరువా నా వెనకే ఉంది. మా ఆవిడ తొంగిచూసి, వానాకాలం చదువు పంతులుగారు యూనివర్సిటీ మేడమ్‌కి ఓనమాలు దిద్దిస్తున్నారే, బెత్తం తెమ్మంటారా, అంది. అమ్మాయి నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇదే మొదలు.

మార్చి 9

మూడు దాకా వస్తోంది. నాలుగు రావడం లేదు.

మార్చి 10

నాలుగంటే ఏమిటి నాన్నా, అంది. మూడు తర్వాతది, అన్నాను. తర్వాత అంటే, అంది. ఇంకో చెంచా జరిపి చూపించాను. చెంచా జరిగింది, మరి నాలుగేదీ, అంది. వెటకారం కాదు. నిజంగానే వెతికింది. బల్ల కింద కూడా చూసింది.

ఏప్రిల్ 2, పొద్దున్న

ఉతికిన బట్టలు మడతపెడుతూ ఊరికే రెండో ఎక్కం అనుకుంటున్నాను, మా బడి రాగంలో. రెండు మూళ్లు, అని దగ్గు వచ్చి ఆగాను. ఆరు, అని గదిలోంచి వినిపించింది.

చేతిలో దుప్పటి జారిపోయింది. రెండు నాలుగులు, అన్నాను. ఎనిమిది. ఏడో ఎక్కం, తొమ్మిదో ఎక్కం, ఎక్కడా ఆగలేదు. పదమూడో ఎక్కం నాకు రాదు. అది చెప్పేసింది.

చిన్నప్పుడు సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని ఎక్కాలు నేర్పింది నేనే.

అదే రోజు, మధ్యాహ్నం

హెడ్ మేడమ్‌కి ఫోన్ చేశాను. నా అంతట నేను ఎవరికీ ఫోన్ చేయను. వచ్చేసిందండీ, అన్నీ వచ్చేశాయండీ, అన్నాను. థెరపిస్టుని రానివ్వండి, ఆవిడ చూశాక చెబుదురు గానీ, అని మా ఆవిడ అంటూనే ఉంది. వినలేదు. మా బడిలో అంతే. ఎక్కం తడుముకోకుండా ఒప్పజెప్పినవాడికి లెక్కలు వచ్చినట్టే, పై తరగతిలో కూర్చోబెట్టేవారు.

ఏప్రిల్ 5

హెడ్ మేడమ్, ఇంకో ఇద్దరు లెక్చరర్లు వచ్చారు. అమ్మాయి క్లాసుకి వెళ్లేటప్పటి బట్టలు వేసుకుంది. ఎక్కాలు గడగడా చెప్పింది. చప్పట్లు కొట్టారు.

ఎన్ని కప్పులు పెట్టనే, అని మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది. నన్ను కాదు, దాన్నే అడిగింది. గర్వం.

అమ్మాయి ఒక్కొక్కరి మొహమే చూసింది. నాలుగొకట్లు నాలుగు, అంది. నాలుగు రెళ్లు ఎనిమిది, అంది. మా మొహాలు చూస్తూనే ఎక్కం చివరిదాకా చెప్పింది. ఐదో ఎక్కం ఎత్తుకుంది. ఎవరూ ఆపలేదు. చాలమ్మా, అని నేనే అన్నాను.

గుమ్మం దగ్గర మేడమ్ నా చెయ్యి పట్టుకుంది. అది నోటికి వచ్చింది బాబాయ్‌గారూ, లెక్క కాదు, అంది మెల్లగా.

మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. దానికే నాకు భయమేసింది.

ఏప్రిల్ 6

ఏం రాయను.

మే 3

అంకె చెవిన పడితే చాలు, ఎక్కంలోకి జారిపోతోంది. రెండు చెంచాలివ్వమ్మా అంటే రెండో ఎక్కం. తలుపు మూడు గడియలూ వెయ్యమంటే మూడో ఎక్కం. చెంచాలతో వచ్చిన ఒకటీ రెండూ మూడూ కూడా ఇప్పుడు లేవు. అలవాటు పడిన దారి బాగా గట్టిపడింది, ఇక మళ్లించడం కష్టం, అని థెరపిస్టు అంది. ఎక్కాలు వల్లె వేయించి ఆ దారి వేసింది నేనే అని ఆవిడకి తెలుసు. అనలేదు.

ఇంట్లో అంకెలు పలకడం మానేశాం.

మే 21

అమ్మాయి దగ్గర రీసెర్చి చేసే పిల్ల వచ్చింది. చాలాసేపు కాగితం మీద ఏవో గీతలు గీస్తూ చెప్పింది. అమ్మాయి కళ్లు మూసుకుని విన్నది. ఆ పిల్ల వెళ్లాక, ఎంత బాగా చెప్పింది నాన్నా, అంది. అర్థమైందా, అన్నాను ఆశపడి. వాన అర్థమవుతుందా, వినబడుతుంది కదా, అంది.

జూన్ 4

హెడ్ మేడమ్ ఫోన్ చేసి ఏడ్చింది. ఫస్టియర్ క్లాసు వేరేవాళ్లకి ఇచ్చేశారు. క్వార్టర్స్ ఖాళీ చెయ్యాలి. పుస్తకాలు ఆ రీసెర్చి పిల్ల వచ్చి తీసుకెళ్లింది. అమ్మాయే దగ్గరుండి అందించింది, అట్టల రంగులు చూసి సర్దుతూ.

జూన్ 19

కొత్త గది. అమ్మాయి, నీ వయసెంత, అని నన్ను అడిగింది. డెబ్భై ఎనిమిది, అన్నాను, దానికి ఎక్కం లేదు కదా అని.

అది ఎక్కువా నాన్నా, తక్కువా, అంది.