కుడి మూల నుంచి మొదలైన ముఖం

నానీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మొన్న టోక్యో నుంచి మాంగా అనే జపాన్ బొమ్మల కథల పత్రిక ఎడిటర్, నేను పంపిన కథ చూసి, నన్ను వెతుక్కుంటూ సింగపూర్ వచ్చాడు.

"అందరూ వై2కె కంప్యూటర్ పని మీద వస్తుంటే, నీ బొమ్మల కోసం వస్తాడా? డబ్బడిగితే లేచొచ్చెయ్" అంది నాతో ఫ్లాట్‌లో ఉండే సుజాత. నాకూ అదే అనుమానం. ఆయనకు నామీద అంతకంటే ఎక్కువ.

"మా కథలు కుడి నుంచి చదువుతాం. పైదేశం వాళ్లు అక్కడే తడబడతారు. నువ్వు తడబడలేదు. ఎవరు గీసిచ్చారు?" అన్నాడు.

మేం కూర్చున్న హాకర్ సెంటర్‌లో, తిండికొట్ల మధ్య బల్ల మీదే కాగితం పెట్టి గీసి చూపించాను. చిన్నప్పుడు ఈ మనవరాలితో నువ్వు ఉర్దూ దిద్దించిన పలక మీదలాగే, చెయ్యి కుడి మూల నుంచి మొదలుపెట్టింది. వచ్చింది నీ ముఖం.

"ఈవిడెవరు?"

"నాకు నేర్పినావిడ" అన్నాను. నమ్మాడు. అచ్చేస్తామన్నాడు.

ముఖాలు గీయడం పాపమనేదానివి, వెనక గీశానేమోనన్న అనుమానంతో రోజూ నా పలక తిప్పి చూసేదానివి. ఈసారి తిప్పితే నువ్వే కనిపిస్తావు.